హైదరాబాదు పడమటి పేటలు: పుట్టుక, నిలుకడ

తెలుగుదేశమున నగరముల చరిత్ర వ్రాసినవారు కోటలను, రాజులను, యుద్ధములను వర్ణించినంత విరివిగా పేటలను వర్ణింపలేదు. కోటను కట్టించినది రాజే యైనను, దానికి ప్రాణము పోసినది కోట వెలుపల వెలసిన పేటయే. నేతగాండ్రు, కంసాలులు, సాహుకార్లు, బాడుగబండ్లవారు, పూటకూటియిండ్లవారు ఒక్కచోట కలిసి నివసించి, ఒకరి పని యొకరికి జీవనాధారమై, పరదేశమునుండి వచ్చిన క్రొత్తవానికి తలదాచుకొన తావు దొరకినప్పుడే పేట పేట యనిపించుకొనును. ఈ దృష్టితో చూచినచో హైదరాబాదునకు పడమట గడచిన 30 సంవత్సరములలో వెలసిన మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము అను ప్రదేశములు గాజుమేడల సముదాయములు మాత్రమే కావు. అవి పూర్వపు పేటల వంశమున పుట్టినవే. వాని పుట్టుకకు కారణము లేవి, వానిని నిలుపున దేది, యను విషయము విచారింపదగియున్నది.

పూర్వపు పేటలు

పేటను పెంచు విద్య తెలుగు ప్రభువులకు క్రొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు శాలివాహనశకము 1166 (క్రీ. శ. 1244–45) లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసన మిందులకు మంచి తార్కాణము. అంతకు పూర్వము గాలివానకు చిక్కి యొడ్డున బడిన యోడలలోని సరకులను రాజులు బలవంతముగా గైకొనుచుండిరి. గణపతిదేవు డా యాచారమును మాన్పి, ఎగుమతి దిగుమతులపై ముప్పదవ పాలు సుంకము తప్ప వేఱొండు గైకొనమని సముద్రవర్తకులకు మాట యిచ్చి, ఆ మాటను రాతిపై చెక్కించెను. రాజు వర్తకునకు ఈయదగినవి రెండు: ఒకటి సుంకపు తగ్గింపు, రెండవది మాట నిలుకడ. ఈ రెంటిలో రెండవదే ముఖ్యమని ఆ శాసనము వేయించినవా రెఱిగియుండిరి. కాకున్న నోటిమాట చాలును, రాతితో పనిలేదు.

తరువాతి కాలమున క్రొత్తగా పేట కట్టదలచిన పాలకులు కౌలుపత్రము లిచ్చి, కొన్ని సంవత్సరములు పన్ను విడిచి, సాలెవారిని, వర్తకులను రప్పించుట వాడుక యయ్యెను. హైదరాబాదు పరిసరములందే దీనికి సమానమైన చరిత్ర కలదు. 1578లో ఇబ్రహీం కుతుబుషా కాలమున మూసీనదిపై వంతెన కట్టబడెను. నేడు పురానాపూలు అనబడునది యదియే. 1591లో మహమ్మదు కులీ కుతుబుషా హైదరాబాదు నగరమును స్థాపించెను. కోటకును క్రొత్త నగరమునకును నడుమ, ఆ బాటపై నున్న కార్వాను వజ్రవర్తకులకును సాహుకార్లకును నెలవయ్యెను. బిడారుల విడిది యని దాని పేరే చెప్పుచున్నది. 17వ శతాబ్దమున ఫ్రెంచివర్తకు డగు టావెర్నియే గోలకొండరాజ్యమునకు వజ్రములకై పలుమాఱులు వచ్చెను. కాని 1687లో గోలకొండ మొగలుల వశమైన పిదప కార్వాను తన పూర్వప్రాభవమును తిరిగి పొందజాలకపోయెను. ఒక్క కొలువును, ఒక్క సరకును నమ్ముకొన్న పేటకు ఆ రెండును తొలగిన నాడు మిగులునది పేరొక్కటియే. ఈ కథను మనసున నుంచుకొని పడమటి పేటలను చూడవలెను.

ఊళ్ల పేర్లు చెప్పు చరిత్ర

నేటి గాజుమేడల క్రింది నేల యెట్టిదో తెలిసికొనుటకు శాసనములను వెదకనక్కఱలేదు. భూమిలెక్కలలోని ఊళ్ల పేర్లే చాలును. రాయదుర్గ మను నొక్క పేరు ఆ లెక్కలలో మూడు విధములుగ కాన్పించును: రాయదుర్గ్ పాయెగా, రాయదుర్గ్ నవ్‌ఖాల్సా, రాయదుర్గ్ పన్‌మక్తా. మొదటిది నిజాము కొలువునందలి పాయెగా ప్రభువుల జాగీరును గుర్తునకు తెచ్చును. ఖాల్సా యనగా సర్కారునకు నేరుగా శిస్తు చెల్లించు భూమి. మక్తా యనగా స్థిరమైన శిస్తునకు ఒకరికి విడువబడిన భూమి. 1949లో జాగీరులు రద్దయ్యెను గాని ఈ పేర్లు రద్దు కాలేదు.

గచ్చిబౌలి యను పేరిలో గచ్చు కలదు, బౌలి కలదు. గచ్చుతో కట్టిన దిగుడుబావి యని యర్థము. మాదాపూరు ప్రక్కనున్న గుట్టల బేగంపేటకు ఆ విశేషణము చేరుటచే నగరములోని బేగంపేటనుండి వేఱుపడుటయే గాక, అచ్చటి నేలతీరును తెలియుచున్నది. కొత్తగూడ, నానక్‌రాంగూడ యను పేర్లలోని గూడ చిన్నపల్లెకు గుఱుతు. కంచ గచ్చిబౌలి యను పేరిలోని కంచ పసులు మేయు బీడు. 2025లో విశ్వవిద్యాలయము నానుకొనియున్న ఆ కంచలో సుమారు 400 ఎకరముల మేర చెట్లు కొట్టుట మొదలుకాగా విద్యార్థు లెదిరించిరి. ఏప్రిల్ నెలలో సుప్రీముకోర్టు ఆ పనిని నిలుపుచేసెను. పేరు చరిత్రకారునికి మాత్రమే పనికివచ్చు వస్తువు కాదనుటకు ఇది నిదర్శనము.

ఇచ్చట నొక పొరపాటును తొలగించుట మేలు. ఈ కొండాపూరు వేఱు, శాతవాహనకాలపు నాణెములు బయల్పడిన కొండాపురము వేఱు. 1940 ప్రాంతమున హైదరాబాదు పురావస్తుశాఖవారు త్రవ్వించినది నాటి మెదకుజిల్లాలోని గ్రామము. అది నేడు సంగారెడ్డిజిల్లాలో నున్నది. పేరు ఒక్కటి యగుటచే పడమటి పేటకు శాతవాహనప్రాచీనతను కట్టబెట్టుట తగదు.

ఈ పేర్లన్నిటిపైన కడపట వచ్చి కూర్చున్నది సైబరాబాదు. ఓడను నడపువానిని దెలుపు గ్రీకు పదమునుండి వచ్చిన ఇంగ్లీషు మాటకు, జనులతో నిండిన చోటను దెలుపు పారసీకపు ఆబాదు చేరి ఈ పేరు పుట్టినది. 2003లో పోలీసుకమిషనరేటునకు ఈ పేరు పెట్టబడుటతో ఇది ప్రభుత్వభాషలో స్థిరపడెను. అచ్చతెలుగు గూడయు, దక్కనీ బౌలియు, ఇంగ్లీషు సిటీయు ఒక్క బాటపై వరుసగా ఎదురగుట ఈ ప్రాంతపు ప్రత్యేకత.

నీరు, రాయి

మాదాపూరునకును జూబిలీహిల్సునకును నడుమ దుర్గం చెఱువు కలదు. కుతుబుషాహీలనాడు గోలకొండకోటకు త్రాగునీ రిచ్చిన తావులలో నిది యొకటి. చుట్టును గుట్టలు మూయుటచే నిది చాలకాలము బయటివారి కంటబడక, రహస్యపు చెఱువని పేరొందెను. 2020 సెప్టెంబరు 25న దీనిపై తీగల వంతెన తెఱవబడెను. ఒకనాడు కోటకు నీరిచ్చిన చెఱువు నేడు మేడలలోని వారికి చూడముచ్చటయైన దృశ్య మయ్యెను.

ఇచ్చటి రాయి దక్కను పీఠభూమి నల్లసేనపురాయి. దాని వయస్సు 250 కోట్ల సంవత్సరములని భూతత్త్వవేత్తలు చెప్పుదురు. ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న ఆ బండలు గాలివానల పనితనము. మేడలకు పునాది తీయుటకు వానిలో పెక్కింటిని మందుపెట్టి పగులగొట్టిరి. మిగిలిన వానిలో కొన్ని విశ్వవిద్యాలయపు ఆవరణమున నేటికిని చూడవచ్చును.

విద్య ముందు, మేడ తరువాత

పడమటి పేటల చరిత్రను 1998 నవంబరు 22వ తేదీతో మొదలుపెట్టుట తఱచుగా కాన్పించు వాడుక. ఆనాడు ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సు అను పదియంతస్తుల మేడను ప్రారంభించిరి. నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు పూనికతో, ప్రభుత్వభాగస్వామ్యమున లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీవారు దానిని కట్టిరి. దాని చుట్టు నున్న ప్రదేశమే హైటెక్ సిటీ యయ్యెను. ఆ యేడే మైక్రోసాఫ్టు కంపెనీవారు తమ అభివృద్ధికేంద్రమును హైదరాబాదులో నెలకొల్పిరి. ఇవి యన్నియు గొప్పవే. కాని మేడ కట్టిన మాత్రమున పేట పుట్టునా? పుట్టదు. మేడలో కూర్చుండి పనిచేయగలవా రంతకుముందే తయారగుచుండవలెను.

ఆ తయారీ రెండు చోట్ల జరిగెను. మొదటిది గచ్చిబౌలి. 1974లో పార్లమెంటు శాసనముచే స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట నగరమధ్యమున సరోజినీనాయుడు గృహమైన గోల్డెన్ త్రెషోల్డునందు పనిచేసి, పిదప ఈ బండల నడిమికి తరలివచ్చెను. 1998లో దాని చేరువనే ట్రిపుల్ ఐటీ వెలసెను. శిల్పారామ మను చేతిపనివారి గ్రామము 1992లోనే మాదాపూరున తలపెట్టబడెను. గాజుమేడకంటె ముందు అచ్చటికి చేరినవారు కుమ్మరులు, నేతగాండ్రు, చిత్రకారు లనుట స్మరింపదగిన విషయము.

రెండవది అమీరుపేట. 1991లో కేంద్రప్రభుత్వము సాఫ్ట్‌వేరు ఎగుమతులను ప్రోత్సహించుటకు స్థాపించిన సంస్థకు తొలిదినములలో హైదరాబాదునందలి నెలవు అమీరుపేట మైత్రీవనమే. ఆ మేడచుట్టును ఇఱుకు సందులలో, దుకాణములపై అంతస్తులలో, శిక్షణశాలలు పుట్టగొడుగులవలె లేచినవి. ఏ విశ్వవిద్యాలయపు పాఠ్యపట్టికయందును చేరని క్రొత్త కంప్యూటరు భాషలు అచ్చట కొలది వారములలో, కొలది రుసుముకు నేర్పబడుచుండెను. 2000 సంవత్సరము వచ్చునప్పటికి పాత కంప్యూటరులు తేదీలను తప్పుగా లెక్కించునను భయము లోకమంతట వ్యాపింపగా, పాత ప్రోగ్రాములను సరిచేయువారికి అమెరికాలో గిరాకి పెరిగెను. 1999, 2000 సంవత్సరములకు ఆ దేశము హెచ్-1బి వీసాల పరిమితిని 1,15,000 కును, తరువాత మూడేండ్లకు 1,95,000 కును పెంచెను. అమీరుపేట ఆ గిరాకికి తెఱచిన ద్వారమయ్యెను. చైనాదేశపు మానవశాస్త్రవేత్త శియాంగ్ బియావో ఈ వ్యవహారమును పరిశీలించి 2007లో నొక గ్రంథమును ప్రకటించెను. కృష్ణా గోదావరీ మండలముల వ్యవసాయపు మిగులు, చదువుగా మాఱి, చదువు వీసాగా మాఱిన తీరు దానివలన తెలియుచున్నది. డెల్టాలోని వరిపంటకును మాదాపూరు మేడకును ఇట్టి సంబంధము కలదు.

కౌలు ముగిసినను పేట నిలిచెను

ప్రభుత్వ మీ పేటకు ఇచ్చిన కౌలు కొంచెము కాదు. భూమి, విద్యుత్తు, వెడల్పు బాటలు రాష్ట్రము సమకూర్చెను. సాఫ్ట్‌వేరు ఎగుమతులపై వచ్చు లాభమునకు ఆదాయపుపన్ను మినహాయింపును కేంద్రము ప్రసాదించెను. ఈ మినహాయింపు 2011 మార్చి 31తో ముగిసెను. 2005 నాటి చట్టము ననుసరించి ఏర్పడిన ప్రత్యేక ఆర్థికమండలములలో మాత్రము కొంత సడలింపు మిగిలెను. పూర్వపు కౌలుపత్రములకును దీనికిని భేదము పేరులోనే గాని పద్ధతిలో లేదు.

అయినను కౌలు గడువు తీరగానే పేట పాడుపడలేదు. దీనికి కారణము గణపతిదేవుని శాసనములోని రెండవ గుణమే, అనగా మాట నిలుకడయే. 2004లో ప్రభుత్వము మాఱెను, బాటలు ఆగలేదు. 2014 జూన్ 2న రాష్ట్రమే రెండుగా విడిపోయెను. వచ్చిన క్రొత్త ప్రభుత్వము ఆ పనినే కొనసాగించెను. 2023లో మరల ప్రభుత్వము మాఱినను సంస్థల రాక నిలువలేదు. మెట్రోరైలు 2019 మార్చి 20న అమీరుపేటనుండి హైటెక్ సిటీకిని, నవంబరు 29న రాయదుర్గమునకును చేరెను. చదువుకొన్న వీధికిని కొలువు దొరకు వీధికిని నడుమ 20 ఏండ్లుగా ఆటోలును బస్సులును నడపిన సంబంధము ఆనాటితో ఉక్కుబాటగా మాఱెను. ఒక్కరి పేరిటనే ఈ పేటను వ్రాయువారు ఈ వరుసను మఱచుచున్నారు.

పేటలోని పడుచువారు

పేటకు ముఖ్యులు మేడల సొంతదారులు కారు. ప్రతి యేడును క్రొత్తగా వచ్చి చేరు 20, 25 ఏండ్ల పడుచువారు. బస్సు దిగినవానికి మొదట కావలసినది హాస్టలులో నొక మంచము. ఒక్క గదిలో ముగ్గురు నలుగురు సర్దుకొని, నెలకింత యని భోజనముతో సహా చెల్లించు ఈ హాస్టళ్లు మాదాపూరు, గచ్చిబౌలి సందులలో నిండియున్నవి. ఇవి పూర్వపు పూటకూటియిండ్లకు మాఱురూపములు. పనికి వెదకుకొనుచున్నవానికి పనిలో నున్నవాడు అచ్చటనే దొరకును. ఏ సంస్థలో ఖాళీ యున్నదో, ఏ ప్రశ్న లడుగుదురో, ఎవరికి చెప్పినచో పని యగునో ఉదయపు ఇడ్లీబండి కడనే తెలిసిపోవును. క్రొత్తవానికి ఈ సమాచారమే పెట్టుబడి.

న్యూయార్కు గడియారముకంటె ఇచ్చటి గడియారము చలికాలమున 10½ గంటలు ముందుండును. అందువలన అమెరికావారి పని చేయువారిలో పలువురికి రాత్రియే పగలు. అర్ధరాత్రి టీబండ్లు, దోసెబండ్లు, కావలివారు, కారు నడపువారు ఈ వేళలను బట్టియే బ్రతుకుచున్నారు. వంటవారు, ఊడ్చువారు, మేడలు కట్టు కూలీలు పాలమూరునుండి, శ్రీకాకుళమునుండి, ఒడిస్సా బీహారులనుండి వచ్చినవారు. సాఫ్ట్‌వేరు ఉద్యోగి పేరిట వ్రాయబడిన పేటలో వీరి పేరు ఎచ్చటను వ్రాయబడలేదు.

స్త్రీల విషయ మొకటి ప్రత్యేకముగ చెప్పదగినది. పెండ్లికి ముందు ఇల్లు విడిచి, తన జీతముతో తాను, తోటి యువతులతో కలిసి నివసించుట తెలుగు మధ్యతరగతి కుటుంబములలో అంతకుముందు అరుదు. పల్లెనుండి వచ్చిన ఆడుబిడ్డలు వేలకొలదిగ అట్లు నివసించుట ఈ పేటలతోనే సామాన్య మయ్యెను. వీరి రక్షణకై 2014లో పోలీసుశాఖవారు షీ టీము లను దళములను హైదరాబాదున నేర్పఱచిరి. పడమటి పేటలు సంఘమునందు తెచ్చిన మార్పులలో మేడలకంటె ఇదియే శాశ్వతమైనది కావచ్చును.

అంకురసంస్థలు

తొలి ఇరువదేండ్లలో ఈ పేట పరులు చెప్పిన పనిని చేసిపెట్టు పేట. తాముగా నొక వస్తువును యోచించి, అప్పుసొప్పులు చేసి, చిన్నసంస్థను నెలకొల్పువారు తరువాత బయలుదేరిరి. వీనినే అంకురసంస్థలని నేటి పత్రికలు వాడుచున్నవి. ఇట్టి సంస్థకు కావలసినవి మూడు: తక్కువ బాడుగకు చోటు, తమవంటి వారి సాంగత్యము, తొలి కొనుగోలుదారు. పెద్దమేడలో అంతస్తు తీసికొనవలెనన్న పలు సంవత్సరములకు ఒడంబడిక వ్రాయవలెను. ఆఱు నెలలు బ్రతుకుదుమో లేదో తెలియనివారికి అది యసాధ్యము.

ఈ లోటు తీర్చుటకు తెలంగాణ ప్రభుత్వము టీ-హబ్ అను సంస్థను నెలకొల్పెను. 2015 నవంబరు 5న రతన్ టాటా దానిని ప్రారంభించిరి. అది మొదట ట్రిపుల్ ఐటీ ఆవరణములోనే, సుమారు 70,000 చదరపుటడుగుల భవనమున నుండెను. విద్యాలయపు నీడలో అంకురము మొలచుట యుచితమే. 2022 జూన్ 28న రాయదుర్గమున సుమారు 5,80,000 చదరపుటడుగుల క్రొత్తభవనము తెఱవబడెను. 2018లో స్త్రీల సంస్థలకై వీ-హబ్ ఏర్పడెను. 2023 మార్చి 2న టీ-హబ్ ప్రక్కనే టీ-వర్క్సు ప్రారంభమయ్యెను. ఊహించిన వస్తువునకు నమూనా చేసి చూచుకొనుటకు కావలసిన యంత్రము లందున్నవి. కమ్మరికొలిమిని ఊరందఱి సొత్తుగా చేసినట్టి ఏర్పాటిది.

ఫలము లేకపోలేదు. ఇస్రోలో పనిచేసిన యిద్దఱు ఇంజనీర్లు 2018లో హైదరాబాదున స్థాపించిన స్కైరూట్ అను సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి విక్రమ్-ఎస్ అను రాకెట్టును పైకి పంపెను. భారతదేశమున ప్రైవేటుసంస్థ నిర్మించి ప్రయోగించిన రాకెట్లలో నదియే మొదటిది. కాని మొలచిన ప్రతి యంకురము చెట్టు కాదు. విత్తినవానిలో పెక్కు ఎండిపోవుననుట ఈ వ్యవసాయమునకు సహజము. ఎండినదాని యజమాని మరల నొక సంస్థలో కొలువు దొరకించుకొని, రెండేండ్లకు మరల విత్తగలుగుటయే పేటయొక్క బలము. కొలువును సాహసమును ఒక్క వీధిలో దొరకునట్లు చేసినదే ఈ పేట.

పరీక్ష

పేట నిలుకడను 2020 సంవత్సరము పరీక్షించెను. మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు పడుచువారు పెట్టె సర్దుకొని స్వగ్రామములకు పోయి, వీథి యరుగుపై కంప్యూటరు పెట్టుకొని పని చేసిరి. సంస్థల పని యాగలేదు, పేట యాగెను. హాస్టళ్లు మూతబడెను, ఇడ్లీబండ్లు కాన్పింపలేదు, కూలీలు కాలినడకను ఊళ్లకు పోయిరి. పనికి పేటతో నిత్యసంబంధము లేదని ఆనాడు తేలెను. తిరిగి రప్పించినది మేడ కాదు. ఒకరినుండి యొకరు నేర్చుకొనుట, ఒకరి మూలమున నొకరికి పని దొరకుట. ఇది దూరమునుండి సాగదు.

రెండవ పరీక్ష భూమి వెల. 2023 ఆగస్టులో రాయదుర్గమునకు అవతలనున్న కోకాపేటలో ప్రభుత్వము నిర్వహించిన వేలమున ఎకరము 100 కోట్ల రూపాయలకు మించి పలికెను. ఈ వెలతో బొక్కసము నిండును. కాని ఆ నేలపై లేచు మేడలో క్రొత్తగా వచ్చినవానికి మంచ మెచ్చట? పది వేల రూపాయలతో నెల గడపవలసినవాడు నగరమున కంతకంతకు దూరముగ జరిగిపోయిన కొలది, ఇడ్లీబండి కడ దొరకు పెట్టుబడి వానికి దూరమగును. క్రొత్తవారిని రప్పించిన కారణముచేతనే పేట ప్రియమై, ప్రియమైన కారణముచేత క్రొత్తవారిని వెళ్లగొట్టుట ఇట్టి పేటల కెల్ల నున్న చిక్కు.

పై విచారణవలన తేలిన దిది. మోటుపల్లి మొదలు మాదాపూరు వఱకు పేటను పుట్టించినది పాలకుని మాట, పెంచినది విద్య, నిలుపునది క్రొత్తవానికి చౌకగా దొరకు చోటు. మొదటి రెండును పడమటి పేటలకు సమృద్ధిగా లభించినవి. మూడవది తఱిగిపోవుచున్నది. కార్వాను వజ్రములు పోయినందున మాత్రమే పాడుపడలేదు. వజ్రములు పోయిన పిదప క్రొత్త పనితో వచ్చువారిని ఆకర్షింపలేకపోయినందున పాడుపడెను. హాస్టలు మంచమును, టీబండికి అరుగును పేట మర్యాదకు తక్కువని తలచి తొలగించు నగరము తన పునాదిరాయినే తొలగించుకొనుచున్నది.

ఇంతలో చేయదగిన పని యొకటి కలదు. గచ్చుబావులు పూడకముందే, గుట్టలు పగులకముందే, గుట్టల బేగంపేట, కొత్తగూడ, నానక్‌రాంగూడ పల్లెలలో పుట్టి పెరిగిన వృద్ధులు జీవించియుండగనే, వారి నోట ఆ నేల కథను వ్రాసికొనవలెను. అట్లే అమీరుపేటలో తొలి శిక్షణశాలలు నడపినవారి, తొలి హాస్టళ్లు పెట్టినవారి జ్ఞాపకములను సేకరింపవలెను. మోటుపల్లి కథను రాయి కాచెను. గాజు ఏ యక్షరమును కాచుకొనదు.